ఆ ఇంటి విశ్వాసం ఆమెదెలా అయ్యింది?

తెలుగునాట ఏ సంఘంలో అడిగినా వేలూరు ఆసుపత్రికి వెళ్ళివచ్చినవారు ఒకరిద్దరైనా కనబడతారు. సీమ పెద్దలు ఆ ఊరిని రాయవేలూరు అనే అంటారు. కాట్పాడిలో రైలు దిగి, చేతిలో పాత రిపోర్టులు, సంచిలో బైబిలు పెట్టుకుని, ఊళ్ళో సంఘం చేస్తున్న ప్రార్థనే ధైర్యంగా ఆ గేటు దాటినవారు ఎందరో. మేమూ మా సంఘస్థులకు తోడుగా వెళ్ళినవాళ్ళమే. ఆ ఆసుపత్రిని ప్రారంభించిన డాక్టర్ ఐడా స్కడర్ పేరు మన విశ్వాసుల్లో చాలామందికి తెలుసు. ఒక రాత్రి ముగ్గురు మనుషులు తలుపు తట్టారని, తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలు చనిపోయారని, అందుకే ఆమె డాక్టరయ్యిందని సండేస్కూలు పిల్లలు కూడా గడగడా చెప్పేస్తారు. ఆ రాత్రికి ముందు ఒక కుటుంబం కథ ఉంది. దాన్ని మనం అంత తరచుగా చెప్పుకోం.

ఇప్పుడెందుకు చెబుతున్నామంటే, ఇళ్ళు దర్శించేటప్పుడు ఈ మధ్య మాకు ఎక్కువగా వినబడుతున్న బాధ ఒకటుంది. జబ్బుల గురించీ అప్పుల గురించీ మాట్లాడుకోవడం అయిపోయాక, ప్రార్థన చేసి మేము లేవబోతుండగా, తల్లి గొంతు తగ్గించి చెబుతుంది. అబ్బాయి బాగానే ఉన్నాడు అయ్యగారూ, మంచి ఉద్యోగమే, గుడికి వెళ్ళడం మాత్రం మానేశాడు అని. తాత ఉపదేశి, తండ్రి సంఘ పెద్ద, మనవడికేమో ఆదివారమంటే ఆలస్యంగా నిద్రలేచే రోజు. తమ పెంపకంలో లోపం ఎక్కడుందని ఆ తల్లి నోరు తెరిచి అడగదు. కానీ ఆమె చూపు అదే అడుగుతుంది. ఆ చూపుకు చెప్పడానికి మా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబేమీ లేదు. స్కడర్ కుటుంబం చరిత్రను మళ్ళీ తెరిచి చదవడానికి మాత్రం ఆ చూపే కారణమయ్యింది.

ఈ చరిత్ర న్యూయార్కులో ఒక రోగి ఇంట్లో మొదలవుతుంది. జాన్ స్కడర్ 1793లో న్యూజెర్సీలో పుట్టారు. న్యూయార్కులో వైద్యునిగా స్థిరపడ్డారు, మంచి పేరు తెచ్చుకున్నారు. ఒకరోజు రోగిని చూడడానికి వెళ్ళి, లోపలినుంచి కబురు వచ్చేదాకా ముందుగదిలో కూర్చున్నారు. అక్కడ ఒక చిన్న పుస్తకం కనబడింది. సువార్త వినని కోట్లాది ప్రజల గురించి మన దేశంలో పనిచేస్తున్న ఇద్దరు మిషనరీలు రాసిన కరపత్రమది. ఎదురుచూస్తున్న కాసేపట్లో చేతికందిన ఆ కాగితాలు ఆయన జీవితాన్ని మార్చేశాయి. 1819 జూన్‌లో భార్య హారియెట్‌తో, పసికూనతో ఓడ ఎక్కారు. కలకత్తా చేరాక ఆ పాప చనిపోయింది. సేవ ఇంకా మొదలే కాలేదు, ముందు సమాధి తవ్వవలసి వచ్చింది. అక్కడినుంచి వాళ్ళు సిలోను వెళ్ళి, యాఫ్నా ప్రాంతపు తమిళుల మధ్య పనిచేశారు. అమెరికానుంచి విదేశాలకు వెళ్ళిన మొదటి మిషనరీ వైద్యుడు ఆయనేనని చరిత్రకారులు చెబుతారు. 1836లో మద్రాసుకు వచ్చారు.

జాన్ స్కడర్ గురించి పుస్తకాలున్నాయి. మా మనసు మాత్రం హారియెట్ దగ్గర ఆగిపోతుంది. ఆమె ప్రసంగాలు చేయలేదు, ఆసుపత్రి కట్టలేదు. ఆమె చేసింది ఒకటుంది. పిల్లల్లో ఎవరి పుట్టినరోజు వస్తే ఆ రోజును ఆ బిడ్డ కోసం ప్రార్థనకు ప్రత్యేకించేది. ఆ రోజుల్లో మిషనరీల పిల్లలు చదువు కోసం చిన్న వయసులోనే అమెరికా వెళ్ళవలసి వచ్చేది. ఓడలో నెలల ప్రయాణం. ఉత్తరం రాస్తే జవాబు వచ్చేసరికి ఏడాది గడిచేది. బిడ్డకు జ్వరం వచ్చిందని తెలిసేసరికి ఆ జ్వరం తగ్గి ఎన్నాళ్ళో అయ్యుండేది. కేకు కోసే బిడ్డ పక్కన లేడు, కొత్త బట్టలు తొడగడానికి చేతికందడు. అలాంటి పుట్టినరోజున ఒక తల్లి చేయగలిగినదేదో ఆమె చేసింది. ఆ పిల్లలు తల్లి ప్రార్థనలవల్లనే ప్రభువులోకి వచ్చారని తర్వాత భర్తే సాక్ష్యమిచ్చారు. హారియెట్ 1849లో మద్రాసులో కన్నుమూసింది. పిల్లలందరూ ఏ దారిన వెళతారో పూర్తిగా చూడకుండానే వెళ్ళిపోయింది.

ఆమె కుమారుల్లో ఏడుగురు మిషనరీలయ్యారు. ఇంకొకడు సేవకు సిద్ధపడుతూ చదువు ముగియకముందే చనిపోయాడు. హెన్రీ మార్టిన్, విలియం, జోసెఫ్ అనే ముగ్గురు అన్నదమ్ములు 1853లో ఆర్కాటు మిషనును స్థాపించారు. అందరిలో చిన్నవాడైన జాన్ కూడా కొన్నేళ్ళకు అక్కడికే వచ్చారు. తండ్రి పేరే ఆయన పేరు, తండ్రిలాగే వైద్యుడు. మరో సోదరుడు సైలస్ 1866లో రాణిపేటలో ఆసుపత్రి ప్రారంభించారు. ఆ తర్వాతి తరాలను కూడా లెక్కబెడితే నాలుగు తరాల్లో నలభైమందికి పైగా స్కడర్లు మిషనరీలుగా పనిచేశారు.

ఇది తమిళదేశపు కథ మాత్రమే అనుకోకూడదు. ఆ రోజుల్లో ఉత్తర ఆర్కాటు జిల్లా అంటే నేటి చిత్తూరు కూడా. చిత్తూరు వేరే జిల్లాగా ఏర్పడింది 1911లోనే. మదనపల్లె కేంద్రంగా తెలుగువారి మధ్య సువార్త ప్రకటించి, తెలుగు బైబిలు సవరణలో శ్రమించిన జేకబ్ చాంబర్లేన్ కూడా ఈ ఆర్కాటు మిషను మనిషే. ఆ ప్రాంతపు సంఘాల్లో పాత కుటుంబాల పెద్దలకు స్కడర్ల పేర్లు తెలియకుండా ఉండవు.

ఇక్కడ కాస్త ఆగుతాం. ఈ సంగతి విన్న వెంటనే ఒక సూత్రం తయారుచేసుకోవాలనిపిస్తుంది. పుట్టినరోజున ఉపవాసం, ఫలితంగా ఏడుగురు సేవకులు అని. మేమూ చిన్న వయసులో అలాగే ప్రసంగించాం. అది సరికాదు. దేవాలయంలో పెరిగిన ఏలీ కుమారులు హొఫ్నీ, ఫీనెహాసు ఏమయ్యారో మనకు తెలుసు. ఏలీ పెంపకంలో లోపముంది, ఒప్పుకుందాం. మరి సమూయేలు సంగతి? ఇశ్రాయేలంతా నమ్మిన ప్రవక్త ఆయన. ఆయన కుమారులు యోవేలు, అబీయా లంచాలు పుచ్చుకున్నారు. ఆయన ఏం లోపం చేశాడో లేఖనం చెప్పదు. ప్రార్థించిన తల్లిదండ్రులందరి పిల్లలూ ప్రభువులో నిలిచారని ఎవరైనా అంటే, ఆ మాట రాత్రిళ్ళు ఏడుస్తున్న ఎందరో తల్లుల మీద మరో రాయి వేయడమే. హారియెట్ చేసింది బేరం కాదు. తన చేయి అందనిచోట దేవుని చేయి అందుతుందని నమ్మింది, అంతే.

హారియెట్ చిన్న కొడుకు జాన్‌కు, ఆయన భార్య సోఫియాకు 1870 డిసెంబరు 9న రాణిపేటలో ఒక కూతురు పుట్టింది. అయిదుగురు అన్నల తర్వాత పుట్టిన ఒక్కతే ఆడపిల్ల. ఆమే ఐడా.

ఆమెకు ఆరేళ్ళప్పుడు కరువు వచ్చింది. రాయలసీమలో ధాత కరువు అని నేటికీ చెప్పుకునే 1876-78 నాటి కరువది. దక్షిణాదిలో లక్షలమంది ఆకలికి చనిపోయారు. మిషను ఆవరణకు వచ్చిన పిల్లలకు రొట్టెముక్కలు అందించే పని చిన్నారి ఐడాకు అప్పగించారు. కొందరు పిల్లలకు ముక్క పట్టుకుని నోటిదాకా తెచ్చుకునే శక్తి కూడా లేదు. తన ఈడు పిల్లల నోట్లో తానే రొట్టె పెట్టింది. దారి పక్కన పడివున్న చిన్న శవాలనూ చూసింది. అలాంటివి చూసిన పిల్లలు సేవ చేయాలని నిర్ణయించుకుంటారని మనం అనుకుంటాం. ఐడా విషయంలో తలకిందులయ్యింది. ఆ జ్ఞాపకం నుంచి వీలైనంత దూరంగా పారిపోవాలనే కోరిక ఆమెలో నాటుకుంది.

1878లో కుటుంబమంతా అమెరికా వెళ్ళింది. కొన్నేళ్ళు అక్కడ ఉన్నాక తండ్రి తిరిగి మన దేశానికి వచ్చేశారు. తర్వాత తల్లి కూడా ఆయన వెంట రావలసిన రోజు వచ్చింది. ఐడాను షికాగోలో పెదనాన్న హెన్రీ మార్టిన్ ఇంట్లో ఉంచారు. ఆమె అప్పటికి ఇంకా పధ్నాలుగేళ్ళు నిండని పిల్ల. తల్లి బయలుదేరిన రాత్రి ఐడా ఆమె గదిలోకి పరుగెత్తి, ఖాళీ అయిన మంచం మీద పడి, తల్లి తల ఆనించిన దిండును పట్టుకుని ఏడ్చింది. ఇది ఆమె జీవితచరిత్రల్లో ఉంది. మూడేళ్ళు తిరిగేసరికి పెదనాన్న కూడా మిషనరీగా జపానుకు వెళ్ళిపోయారు. ఆ పిల్ల మరోసారి ఒంటరిదయ్యింది.

సెమినరీలో ఉన్నప్పుడు మేము ఈ చరిత్రను పరీక్ష కోసం చదివాం. సంవత్సరాలు, మిషను పేర్లు, స్థాపకుల పేర్లు గుర్తుపెట్టుకున్నాం. ఆ దిండు సంగతి మాకు గుర్తులేదు. పిల్లల తండ్రులమయ్యాక చదివితే మిగతావన్నీ వెనక్కి వెళ్ళి అదొక్కటే ముందుకు వచ్చి నిలబడింది. సోఫియా చేసింది మంచిదేనా అని ఎవరైనా అడిగితే వెంటనే అవునని చెప్పలేం. కాదనీ చెప్పలేం. దేవుని పిలుపు ఆమెకు నిజం. కూతురి కన్నీళ్ళూ అంతే నిజం. సేవ కోసం పిల్లల్ని హాస్టళ్ళలో, బంధువుల ఇళ్ళలో వదిలి ఊరూరా కూటాలకు తిరిగిన కాపరులు మాలో ఎందరో ఉన్నారు. ఆ పిల్లల్లో కొందరు ఈనాడు గుడి పేరెత్తితేనే ముఖం తిప్పుకుంటారు. వాళ్ళ దృష్టిలో దేవుడంటే నాన్నను తీసుకుపోయినవాడు. తల్లిదండ్రులను సన్మానించమని పిల్లలకు బోధించడం మాకు బాగా వచ్చు. పిల్లలకు కోపం పుట్టించవద్దని అదే పౌలు ఆ వెంటనే తండ్రులకు రాసిన మాట మీద ఎన్ని ప్రసంగాలు చేశామో లెక్క చూసుకుంటే తల వంచుకోవలసి వస్తుంది.

పెదనాన్న వెళ్ళాక ఐడా నార్త్‌ఫీల్డులో చేరింది. ప్రఖ్యాత సువార్తికుడు మూడీ బాలికల కోసం స్థాపించిన పాఠశాల అది. సరదా మనిషి, అల్లరిపిల్ల అని పేరు. స్కడర్ల ఇంటి అమ్మాయి గనుక రేపు నువ్వూ మిషనరీవే కదా అని ఎవరైనా అంటే ఆమెకు ఒళ్ళు మండేది. అమెరికాలోనే ఉండాలి, మంచి సంబంధం చేసుకోవాలి, సుఖంగా బతకాలి, ఇదీ ఆమె కల. పిల్లలు ఇలా అంటే మన ఇళ్ళలో గొడవే. మా దృష్టిలో ఇందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. ఇతరుల పిలుపును తన మీద వేసుకుని తిరగనన్నది, అంతే. అలా వేసుకుని తిరిగేవారిని కూడా మేము చూశాం. వాళ్ళవల్ల సంఘానికి జరిగే నష్టం గుడి మానేసినవారివల్ల జరిగేదానికంటే ఎక్కువ.

1890లో తల్లికి జబ్బు చేసిందని కబురొచ్చింది. తల్లిదండ్రులు అప్పుడు మద్రాసుకు దక్షిణాన తిండివనంలో ఉన్నారు. ఐడా వచ్చింది. మిషనరీగా కాదు, కూతురిగా. తల్లి కోలుకోగానే తిరిగి వెళ్ళిపోవాలనే ఉద్దేశంతోనే వచ్చింది. తల్లికి సేవచేసింది, ఇల్లు చూసుకుంది, మిషను బాలికల బడిలో పాఠాలు చెప్పింది. మనసు మాత్రం అమెరికాలోనే ఉంది.

ఈ రాకను చరిత్రకారులు ఒక వాక్యంలో దాటేస్తారు. మాకు ఇది చాలా పెద్ద సంగతి. తనను వదిలి వెళ్ళిన తల్లి దగ్గరికి ఆ కూతురు రెండు సముద్రాలు దాటి వచ్చింది. మనసులో ఎంత బాధ ఉన్నా వచ్చింది. ఆమెకు అప్పటికి పెద్ద పిలుపేమీ లేదు. అయిదో ఆజ్ఞ ఒక్కటే ఉంది. ఆ ఒక్క ఆజ్ఞకు లోబడి వచ్చిన చోటే మిగతాదంతా జరిగింది.

ఆ రాత్రి గురించి ఐడా తర్వాత జీవితమంతా చెబుతూ వచ్చింది. గదిలో కూర్చుని ఉండగా వరండాలో అడుగుల చప్పుడు. తలుపు దగ్గర ఒక బ్రాహ్మణ యువకుడు. చిన్న వయసున్న భార్య పురిటి నొప్పులతో ప్రాణాపాయంలో ఉందని, వచ్చి కాపాడమని వేడుకున్నాడు. నాకు వైద్యం రాదు, మా నాన్నగారు డాక్టరు, ఆయనతో నేనూ వస్తానని ఐడా చెప్పింది. పరాయి మగవాడు తన భార్యను ముట్టడానికి వీల్లేదని, అంతకంటే ఆమె చనిపోవడమే మేలని అతడు వెళ్ళిపోయాడు. కాసేపటికి ఒక ముస్లిం వచ్చాడు. అదే కష్టం. ఈసారి తండ్రి ఎదుటనే మాట్లాడించింది. అదే జవాబు. ఆ తర్వాత మరో హిందువు, పై కులంవాడు. ముగ్గురూ ఆమెనే రమ్మన్నారు. ఆమె ముగ్గురికీ తండ్రినే చూపించింది. ముగ్గురూ ఆయన వద్దన్నారు.

ఇది చదివినప్పుడల్లా షిలోహులో బాలుడైన సమూయేలు మాకు కళ్ళముందు కనబడతాడు. అతడినీ తల్లి చిన్నతనంలోనే మందిరంలో వదిలి వెళ్ళింది. హన్నా ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తెచ్చేదని లేఖనం చెబుతుంది. బిడ్డ ఎంత పెరిగి ఉంటాడోనని దూరంనుంచే కొలతలు ఊహించుకుంటూ ఆ తల్లి ఎన్ని రాత్రులు కుట్టి ఉంటుందో. మందసం ఉన్నచోటే పడుకునేవాడు సమూయేలు. అయినా అప్పటికి అతడు యెహోవాను ఇంకా ఎరగడని అదే లేఖనం స్పష్టంగా చెబుతుంది. మందిరంలో పెరగడం వేరు, దేవుని ఎరగడం వేరు. రాత్రి పిలుపు వచ్చినప్పుడు మూడుసార్లూ అతడు ఏలీ దగ్గరికే పరుగెత్తాడు. పిలిచేది పెద్దవాళ్ళేననుకున్నాడు. పిలిచేవాడు వేరే ఉన్నాడు. ఐడా కూడా ఆ రాత్రి వచ్చినవారందరినీ తండ్రి దగ్గరికే తీసుకెళ్ళింది. ఆ ఇంట్లో సేవకుడు ఆయనే కదా. వచ్చినవారికి కావలసింది ఆయన కాదు.

ఆమె నిద్రపోలేదు. తెల్లవారుతుండగా ఊళ్ళోనుంచి చావు డప్పు వినిపించింది. పనిమనిషిని పంపి కనుక్కుంటే, ముగ్గురు స్త్రీలూ చనిపోయారని కబురు వచ్చింది. ఐడా గది తలుపు వేసుకుని చాలాసేపు ప్రార్థించింది. తర్వాత తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళి, అమెరికా వెళ్ళి వైద్యం చదువుతానని, ఈ దేశపు స్త్రీల కోసం తిరిగి వస్తానని చెప్పింది.

ఆమె తండ్రి తక్కువవాడు కాదు. వైద్యం తెలుసు, భాష తెలుసు, ముప్పయ్యేళ్ళ సేవ ఉంది. ఆ రాత్రి ఆ ఇళ్ళ గడప మాత్రం ఆయన దాటలేకపోయారు. తాత తెరిచిన దారి, తండ్రి నడిచిన దారి ఆ మూడు గుమ్మాల దగ్గర ఆగిపోయాయి. వాటిలోకి వెళ్ళడానికి ఒక కూతురు కావాలి. మన సంఘాల్లో పెద్దలు తరచుగా అనేమాట, మా నాన్నగారు ఎలా చేశారో మీరూ అలాగే చేయండి అని. అదే బల్ల, అదే వరుస, అదే పద్ధతి. ఐడా తండ్రి చేసిందే మళ్ళీ చేసి ఉంటే మంచి కూతురనిపించుకునేది. ఆ స్త్రీలు మాత్రం చనిపోతూనే ఉండేవారు.

1895లో ఆమె ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరింది. కార్నెల్ విశ్వవిద్యాలయం వైద్యవిద్యలో స్త్రీలకు ప్రవేశమిచ్చాక అక్కడికి మారి, 1899లో పట్టా పుచ్చుకుంది. వేలూరులో స్త్రీల ఆసుపత్రికి విరాళాలు పోగుచేస్తుండగా, షెల్ అనే న్యూయార్కు బ్యాంకరు మరణించిన తన భార్య జ్ఞాపకార్థం 10,000 డాలర్లు ఇచ్చారు. 1900 ఆరంభంలో ఐడా వేలూరు చేరింది. తండ్రి దగ్గర రెండు మూడేళ్ళు పనిచేసి అనుభవం సంపాదించాలని ఆమె ఆశ. వచ్చిన కొద్ది నెలలకే, ఆ మే నెలలో, తండ్రి చనిపోయారు. పుస్తకాల చదువు తప్ప చేతి అనుభవం లేని పడుచు డాక్టరు ఒంటరిగా మిగిలింది. తొలిరోజుల్లో జనం నమ్మి రాలేదు. మిషను బంగళాలో ఒక చిన్నగది, ఒక మంచం, నర్సు పని నేర్చుకున్న ఇంటి పనిమనిషి సలోమి. వేలూరు ఆసుపత్రి మొదట అంతే.

ఆ బంగళాలో ఇంకొకరు ఉన్నారు. భర్త చనిపోయాక సోఫియా అమెరికా వెళ్ళిపోలేదు. కూతురి దగ్గరే ఉండిపోయింది. ఒకప్పుడు భర్త వెంట వెళ్ళడానికి ఏ కూతురిని వదిలిందో, భర్త లేనప్పుడు ఆ కూతురి ఇంట్లోనే పాతికేళ్ళు బతికింది. 1925లో చనిపోయేదాకా ఆ తల్లీ కూతుళ్ళు ఒకే కప్పు కింద ఉన్నారు. షికాగో రాత్రి గురించి వాళ్ళిద్దరూ ఎప్పుడైనా మాట్లాడుకున్నారో లేదో పుస్తకాల్లో వెతకాలని మాకు అనిపించలేదు. కొన్ని సంగతులు తల్లీ కూతుళ్ళ మధ్యే ఉండాలి. రోజంతా రోగులను చూసి అలసి వచ్చిన కూతురికి ఇంట్లో దీపం పెట్టి ఎదురుచూసే మనిషి ఉందన్నది చాలు.

తర్వాతి పని అందరికీ తెలిసినదే గనుక వేగంగా చెబుతాం. షెల్ విరాళంతో కట్టిన 40 పడకల ఆసుపత్రి 1902లో తెరిచారు. గుడియాత్తం దారి పొడవునా చెట్ల కింద ఆగి వైద్యం చేసే పద్ధతి పెట్టింది. ముందు ఎద్దుబండి, 1909 నుంచి మోటారు కారు. అదే ఏడు నర్సుల శిక్షణ మొదలయ్యింది. తాను ఒక్కతే ఎంతమందికని చేయగలదు? ఈ దేశపు అమ్మాయిలే డాక్టర్లు కావాలి. 1918లో స్త్రీల వైద్యపాఠశాల ప్రారంభించింది. అమ్మాయిలు ఎవరు వస్తారని అధికారులు సందేహించారు. 151 దరఖాస్తులు వచ్చాయి. 1922లో తొలి జట్టులో పరీక్షకు కూర్చున్న 14 మందీ మొదటిసారే ఉత్తీర్ణులయ్యారు. తర్వాత ప్రభుత్వం డిగ్రీ కళాశాలలకే అనుమతి అన్నప్పుడు, 70 ఏళ్ళు దాటిన వయసులో ఆమె అమెరికా వెళ్ళి ఊరూరా తిరిగి నిధులు అడిగింది. 1947 నుంచి అబ్బాయిలకు కూడా ప్రవేశం ఇచ్చారు.

ఐడా పెళ్ళి చేసుకోలేదు. కనిన పిల్లలు లేరు. కుటుంబంలో విశ్వాసం గురించి చెప్పుకునే వ్యాసంలో ఇది వింతగా ఉండవచ్చు. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో దేవుని పిల్లలు రక్తంవల్ల పుట్టినవారు కారన్న సంగతి మనం క్రిస్మస్‌కు చదువుతాం గానీ దాన్ని మన ఇళ్ళకు అన్వయించుకోం. మన పిల్లలు మన పిల్లలైనందువల్ల విశ్వాసులు కారు. విశ్వాసులైనవారు మన కడుపున పుట్టకపోయినా మన పిల్లలవుతారు. పౌలుకు తిమోతి అలాంటివాడు. ఆ తిమోతిలోని విశ్వాసం అంతకు ముందు అమ్మమ్మ లోయిలో, తల్లి యునీకేలో ఉందని పౌలే గుర్తుచేశాడు. ఎవరో కన్న బిడ్డ, ఎవరో వెలిగించిన దీపం, మరెవరో నూనె పోశారు.

వేలూరులో ఐడా తర్వాత ఆ బాధ్యత అందుకున్నది మన తెలుగు గడ్డ మీద పుట్టిన బిడ్డే. డాక్టర్ హిల్డా లాజరస్ 1890లో విశాఖపట్నంలో పుట్టింది. ఆమె తాతల తరం బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రీస్తును అంగీకరించినవారు. తండ్రి విద్యావేత్త. మద్రాసులో వైద్యం చదివి, ప్రభుత్వ వైద్యసేవలో పెద్ద పదవులు నిర్వహించి, వేలూరు వైద్యకళాశాలకు తొలి భారతీయ డైరెక్టరయ్యింది. ఆ తర్వాత విశాఖ ఆంధ్ర వైద్యకళాశాలలోనూ పనిచేసింది. 1961లో పద్మశ్రీ అందుకుంది. ఒక తాత న్యూయార్కులో ఓడ ఎక్కాడు, ఇంకో తాత మన తెలుగునాట కులాన్ని, అయినవాళ్ళను వదులుకుని బాప్తిస్మం పుచ్చుకున్నాడు. ఇద్దరి మనవరాళ్ళూ ఒకే ఆసుపత్రి వరండాలో కలిశారు. మన దగ్గర ఆ రెండో తాతల చరిత్రలు రాసిపెట్టుకున్నవి చాలా తక్కువ. మొదటి తరం విశ్వాసి ఏ ఊళ్ళో, ఏ ఏడు, ఏం పోగొట్టుకుని బాప్తిస్మం పొందాడో మన ఇళ్ళలో ఎంతమంది పిల్లలకు తెలుసు? ఇంట్లో పెద్దలు బతికి ఉండగానే అడిగి రాసుకోవలసిన సంగతులివి. సమాధుల పండుగకు పూలు పెట్టి రావడంతో సరిపెట్టుకుంటున్నాం.

ఐడా చివరి సంవత్సరాలు కొడైకెనాల్‌లో గడిపింది. 1960 మే 24న, 89 ఏళ్ళ వయసులో అక్కడే ప్రభువులో నిద్రించింది. ఆమెను వేలూరుకు తెచ్చి సమాధి చేశారు. ఆమె అన్నల్లో కొందరు కూడా ఆర్కాటు మిషనులోనే పనిచేశారు. ఆ సోదరుల పిల్లల్లో ఒకామె డాక్టరై, మేనత్త ఉన్న ఆసుపత్రికే వచ్చి, రేడియాలజీ విభాగాన్ని పెంచింది. చిన్నప్పుడు తల్లిదండ్రులు ఆమెకు పెట్టిన పేరు కూడా ఐడాయే.